తీసిపెట్టిన గోలీలు

ఆసుపత్రుల మీద నాకు ఓపిక అయిపోయింది. ముప్పై ఆరేళ్లు నర్సుగా నిలబడిన కాళ్లు ఇవి. ఇప్పుడు ఫినాయిలు వాసన తగిలితే చాలు, మోకాళ్లు పీకడం మొదలుపెడతాయి. అయినా పోయిన నెల మా తమ్ముడి కూతురు "అత్తా, నువ్వుంటే నాకు ధైర్యం" అంటే కాదనలేక హైదరాబాదు పోయి, దానితో పాటు సగం రోజు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. దానికి రొమ్ములో చిన్న గడ్డ. తొందరగానే కనిపెట్టారు, కోసి తీసేశారు. ఇక ఇంటికి పోవడమే అనుకుంటుంటే డాక్టరమ్మ మళ్లీ లోపలికి పిలిచింది.

"గడ్డ మొత్తం తీసేశాం. ఇప్పుడు ఇచ్చేది అదనపు మందు. కంటికి కనపడని కణం ఎక్కడైనా దాక్కుని ఉంటే దాని కోసం. డోసు మాత్రం తగ్గించకూడదు. సగం వేసుకుంటే వేసుకోనట్టే" అందామె.

"రోగమే లేకపోతే మందెందుకు డాక్టర్?" అని అడిగింది మా పిల్ల.

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ నా వైపు అదోలా చూసింది, ముసలామెకు మతి తప్పిందేమో అనుకుని ఉంటుంది. సరిగ్గా ఆ ప్రశ్నే నేను మెదక్‌లో, పొగ నిండిన ఒక వంటగదిలో విన్నాను. అడిగినావిడ పోయి నలభై ఏళ్లు దాటింది. తిరుగు బస్సులో ఊరు చేరేదాకా ఆమే నా పక్కన కూర్చుంది.

మేం ఆమెను బోర్డింగమ్మ అనేవాళ్లం. అసలు పేరు ఏదో రిజిస్టరులో ఉండి ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు కాబట్టి నేనూ రాయను. చర్చి ఆవరణను ఆనుకుని ఉన్న ఆడపిల్లల బోర్డింగులో వంట ఆమెది. రేగోడు దిక్కు నుంచి ఎప్పుడో వచ్చింది. వెనక ఎవరున్నారో, ఎవరు పోయారో మాకు తెలియదు. అడిగితే "ఉన్నరు తియ్, మీ ఎనభై మంది లేరా?" అనేది. శంకరంపేట నుంచి ఎనిమిదేళ్ల వయసులో రేకు పెట్టె మోసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని ఏడుస్తున్న నాకు మొదటి ముద్ద పెట్టింది ఆమె. బుజ్జగించలేదు. పళ్లెం ముందు పెట్టి, "ఏడిస్తె ఏడువు గని తినుకుంట ఏడువు, అన్నం సల్లగైతది" అని పొయ్యి దగ్గరికి పోయింది.

వండినదాన్ని ఎప్పుడూ రుచి చూసేది కాదు. గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి వాసన పీల్చేది, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేసేది. చేతులు చీర కొంగుకు కాక వెనక పిరుదులకు తుడుచుకునేది. అందుకే ఆమె చీరలన్నీ ముందు కొత్తగా, వెనక పాతగా ఉండేవి. ఆదివారం చర్చిలో చివరి బెంచీ ఆమెది. అయ్యగారి ప్రసంగం ఎంత బాగున్నా సగంలో లేచి పోయేది. ఒకసారి అయ్యగారు మొహమాటంగా ఆ మాట ఎత్తితే, "మీ మాట జర ఆగుతది అయ్యగారు, నా ఎసరు ఆగది" అంది. ఆయనా ఆ ఎసరులో ఉడికిన పప్పు తినేవాడే కాబట్టి మళ్లీ అడగలేదు.

అసలు ఆమె పెత్తనమంతా పిడికెడు బియ్యం మీద. మా చర్చి ఆడవాళ్లకు అదొక ఆనవాయితీ. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. అది దేవుని వంతు. వారానికోసారి ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు, అది లేనివాళ్లకు పోతుంది. మా వాడలో ఆ తిరిగే మనిషి బోర్డింగమ్మ. సంచీ భుజాన వేసుకుని శనివారం సాయంత్రం బయలుదేరిందంటే వాకిళ్లలో గుసగుసలు లేచేవి. ఎందుకంటే ఆమె పుచ్చుకుని ఊరుకునే రకం కాదు. డబ్బా మూత తీసి చెయ్యి పెట్టి చూసేది. ఒక టీచరుగారి భార్య నూకలు పోస్తే, వాటిని మళ్లీ ఆవిడ చేటలోకే వంచి, "ఇవి మీ కోళ్లకు ఎయ్యుండ్రి. మీరు తినేదాంట్ల తియ్యుండ్రి, దేవుడు కోడి కాదు" అంది. ఆవిడ నెలరోజులు మాట్లాడలేదు. కానీ నూకలు మళ్లీ పోయలేదు.

"తిన్నంక మిగిలితె ఇస్తం అంటరు. మిగిలేదాంక ఆగితె ఎవరికి మిగులుతది బిడ్డా? పొయ్యి మీద పెట్టకముందే తియ్యాలె. జర తక్కువ తిన్నమా, ఏం గాదు" అనేది మాతో. వినీ వినీ మాకు చెవులు అరిగిపోయాయి. వినడమే తప్ప, ఆ మాట ఆమె ఎంత దూరం తీసుకుపోగలదో మాకెవరికీ తట్టలేదు.

నర్సు చదువు పూర్తిచేసి నేను మెదక్‌కే తిరిగొచ్చాను. ఊరి చివర ఒక చిన్న దవాఖాన, ఆరు మంచాలు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు. ల్యాబు అంటే ఒక మైక్రోస్కోపు, నేను. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, ఎండాకాలంలో, బోర్డింగమ్మ దవాఖానకు వచ్చి తలుపు వేసింది. "చింతగింజంత ఏందో తాకుతున్నది, చూడు" అని రవిక విప్పింది. చెయ్యి పెట్టి చూశాను, గట్టిగా, కదలకుండా ఉంది. మరుసటి వారమే బస్సు ఎక్కించి హైదరాబాదు తీసుకుపోయాను.

అక్కడ పెద్ద డాక్టరు విదేశాల్లో చదివొచ్చిన మనిషి. రొమ్ము తీసేశాడు. ఆ రోజుల్లో అంతే, గడ్డ చింతగింజంత ఉన్నా మొత్తం తీసేవాళ్లు. బోర్డింగమ్మ కన్నీళ్లు పెట్టుకోలేదు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుని, "బిందె ఎత్తుకునుడు అల్కగైతది ఇగ, అడ్డం లేదు" అంది. నేను బయటికి పోయి ఏడ్చాను.

డాక్టరు నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. రోగం మొదట్లోనే దొరికింది, లోపల ఏమీ మిగల్లేదు. అయినా ఇప్పుడు కొత్తగా ఒక పద్ధతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు గోలీలు ఇస్తే రోగం తిరిగిరాకుండా ఉంటుందని చూస్తున్నారు. నెలలో పద్నాలుగు రోజులు, రోజుకు మూడు గోలీలు. మిగతా రోజులు విరామం. ప్రతి నెలా రక్తం తీసి తెల్లకణాలు లెక్కపెట్టాలి, మందుకు అవి పడిపోతాయి. పడిపోతే తనకు ఉత్తరం రాయాలి. గోలీలు దొరకడం కష్టం, తానే తెప్పించి పంపుతానన్నాడు.

వాకిట్లో కూర్చున్న బోర్డింగమ్మకు నేను దాన్ని నా భాషలో చెప్పాను. "నీ రోగం పోయింది పెద్దమ్మా. ఇది పైన అదనంగ ఇచ్చే మందు, ఎందుకైనా మంచిదని." ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాక్యం తలచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. ఎంత తేలికగా చెప్పానో! పచ్చడి అదనంగా వడ్డించినట్టు చెప్పాను.

నెల నెలా ఖాళీ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టేది. "అయిపోయినయి బిడ్డా" అనేది. అబద్ధం కాదు, అయిపోయేవి. వేలు గుచ్చి రక్తం తీసి చూసేదాన్ని. మొదటి నెల కాస్త తగ్గాయి తెల్లకణాలు. రెండో నెల పెరిగాయి. మూడు, నాలుగు నెలల్లో రోగమే ఎరగని మనిషి రక్తంలా ఉన్నాయి. జుట్టు రాలలేదు, వాంతులు లేవు, బోర్డింగు గుండిగ ఒంటిచేత్తో దించుతోంది. నేను మురిసిపోయాను. "పల్లెటూరి గట్టి ఒళ్లు, మందును తట్టుకుంటోంది" అని డాక్టరుకు ఉత్తరం రాశాను. ఆయన శ్రద్ధగా చూస్తున్నందుకు నన్ను మెచ్చుకుంటూ జవాబు రాశాడు. ఆ జవాబు అందరికీ చూపించాను. బుద్ధి ఉన్న నర్సయితే మందు మింగేవాళ్లకు ఏమీ కాకపోతే అనుమానపడాలి. నాకు పొగడ్త సరిపోయింది.

ఐదో నెలలో గాజుల బీబమ్మ వచ్చింది. బోర్డింగు గోడ వెనక వాడలో ఉండేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఏటా క్రిస్మస్ ముందు మా పిల్లలందరి చేతులకూ గాజులు తొడిగేది ఆమే. భర్త లేడు, పిల్లలు లేరు. రెండేళ్ల నుంచి ఆమె కొంగు కింద రొమ్ములో పుండు ఉందన్న సంగతి ఊరిలో ఎవరికీ తెలియదు. ఆ రోజు జ్వరంతో కాలిపోతూ వచ్చింది. నోరంతా పూసింది. తల మీది ముసుగు జారితే చూశాను, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి నెత్తి కనపడుతోంది. రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెడితే వెతికితే గానీ తెల్లకణం దొరకలేదు. అలా ఎందుకుంటుందో ఆ ఊరిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఏం మందు మింగుతున్నవ్ బీబమ్మా?"

"గోలీ బేటీ. తెల్లగుంటది."

"ఎవరిచ్చిండ్రు?"

"బోర్డింగక్క. రోజు పొద్దుగాల తెస్తది. దేవుని వంతు, మింగు అంటది. మొదలు ఒకటే ఇస్తుండె. పుండు జర ఎండినట్టు కొట్టింది, గప్పటిసంది రెండు ఇస్తున్నది. చానా మంచిది బేటీ అక్క. ఆమెను ఏమనకు."

బీబమ్మకు సూదులు వేసి, పడుకోబెట్టి, తడిగుడ్డ చేతికిచ్చి, నేను బోర్డింగుకు పోయాను. దారిలో ఎవరు పలకరించారో, ఏం జవాబిచ్చానో గుర్తులేదు. వంటగదిలో బోర్డింగమ్మ కట్టెలు ఎగదోస్తోంది. నన్ను చూసి "రా బిడ్డా, జొన్న గట్క తింటవా?" అంది.

"బీబమ్మకు గోలీలు ఇస్తున్నవా?"

చెయ్యి వెనక తుడుచుకుంది. "ఇస్తున్న."

"ఎవరిని అడిగి ఇచ్చినవ్?"

"నా వంతుల తీసి ఇచ్చేటందుకు ఎవరిని అడగాలె?"

"అది బియ్యం కాదు పెద్దమ్మా! మందు! నీకు లెక్కగట్టి ఇచ్చిన మందు!"

"ఒర్రకు, పిల్లలు చదువుకుంటుండ్రు" అంది నెమ్మదిగా. "ఇటు కూసో. నాకు రోగం తీసేసిండ్రు, లోపల ఏం మిగల్లేదు. నువ్వే చెప్పినవ్ గద? మరి రోగమే లేకపోతే మందెందుకు? గోడ అవతల ఆమె కుళ్లిపోతున్నది. ఆమెకు గోలీ లేదు, నాకు సీసా నిండ ఉన్నది. నేను మూడూ మింగి ఆమె ముంగట ఎట్ల కూసోవాలె, చెప్పు?"

చెప్పాను. గంటసేపు చెప్పాను. కనపడని కణాల గురించి, సగం మందుతో రోగం చావదని, మందు బీబమ్మ రక్తాన్ని తినేసిందని, ఇంకో వారం అయితే మందుతోనే పోయేదని. చివరి మాటకు మాత్రం ఆమె మొహం మారింది. పొయ్యిలో కట్టెలు తగ్గాయి. ఎగదోయలేదు.

"నా చేతితోనే పోతుండెనా?" అంది.

"అవును."

ఆ ఒక్క మాటతో గోలీలు ఇవ్వడం ఆపించాను. అప్పటికి నాకు అదే కావాలి.

డాక్టరుకు ఉత్తరం రాయాలి. రాయలేదు. రాస్తే ఆ మెచ్చుకోలు ఉత్తరం నన్ను చూసి నవ్వేది. గోలీలు పంపడం ఆపేస్తాడేమో అని భయం కూడా ఉంది, కానీ దాన్ని ముందు చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. రాయలేదు, అంతే. బదులుగా బోర్డింగమ్మను రోజూ దవాఖానకు రప్పించి, నా ముందే మూడూ మింగించాను. వచ్చేది, మింగేది, చిన్నపిల్లలా నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేది, పోయేది. నాతో మాట మానేసింది.

అప్పుడు తెలిసింది మందంటే ఏమిటో. రెండు నెలలకు జుట్టు ఊడింది. గంజి వాసన తగిలితే చాలు, వంటగది వెనక గోడ పట్టుకుని వాంతి చేసుకునేది. ముక్కుతో వంట చేసిన మనిషికి ముక్కే శత్రువైంది. పిల్లలకు ఉప్పు ఎక్కువో తక్కువో అయిన కూరలు వడ్డించింది. ఆ పిల్లలు మంచివాళ్లు, ఎవరూ నోరెత్తలేదు. ఒకరోజు గోలీలు మింగాక బెంచీ మీద అట్లాగే కూర్చుండిపోయి, చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"గిట్లుంటదా బిడ్డా! బీబమ్మ ఒక్కనాడు గూడ చెప్పలే. పానం బాగున్నది అక్క, బాగున్నది అక్క అనుకుంటనే మింగింది" అంది.

బీబమ్మ జ్వరం నుంచి లేచింది. హైదరాబాదు తీసుకుపోతానని నేను ఎన్నిసార్లు బతిమాలినా "ఒంటి మీద కత్తి పడనియ్య" అంది. గోలీలు లేవు కాబట్టి పుండు మళ్లీ తడిసింది, పెరిగింది. బోర్డింగమ్మ రోజూ పోయి కడిగి కట్టు కట్టేది. మరుసటి వేసవిలో, రంజాన్ ఇంకా రెండు నెలలుండగా, బీబమ్మ పోయింది. మట్టి అయ్యాక బోర్డింగమ్మ నేరుగా దవాఖానకే వచ్చింది. మూడు గోలీలు మింగింది. నోరు తెరిచి చూపించింది. నేను చూడకుండా మొహం తిప్పుకున్నాను.

ఏడాది కోర్సు పూర్తయింది. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. "ఈ వయసుల సోకు" అని పిల్లలు ఏడిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. శనివారం సంచీ మళ్లీ భుజాన వేసుకుంది. కానీ జనం డబ్బాల్లో చెయ్యి పెట్టి చూడడం మానేసింది. ఏది పోస్తే అది పట్టుకుపోయేది. నూకలకు తగాదా పడిన మనిషి నాకు కావాలనిపించేది.

రెండేళ్లు కాకముందే నడుము నొప్పి అంది. గుండిగలు ఎత్తిన నడుము కదా అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను. హైదరాబాదులో ఎక్స్‌రే తీశారు. రోగం వెన్నెముకలోకి వచ్చింది. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "మందు పూర్తిగా వేసుకుంది కదా, ఆశ్చర్యంగా ఉంది" అన్నాడు. మొదటి ఐదు నెలలు సగం మందు కూడా ఆమె ఒంట్లోకి పోలేదని నేను చెప్పలేదు. పూర్తిగా వేసుకున్నా తిరిగి వచ్చేదేమో, ఎవరికి తెలుసు? ఈ "ఎవరికి తెలుసు"ను పట్టుకుని నేను చాలా ఏళ్లు నిద్రపోయాను.

చివరి నెల మా ఆరు మంచాల్లో కిటికీ పక్కది ఆమెది. కదిలిస్తే అరిచేది. అందుకని పక్క కూడా సరిగా మార్చేవాళ్లం కాదు. ఒక మధ్యాహ్నం, సూది నొప్పిని కాస్త దించిన వేళ, నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఒక్కటి అడుగుత. దవాఖాన మాట వద్దు. నిజం చెప్పు."

"అడుగు పెద్దమ్మా."

"ఆనాడు నువ్వు బంద్ పెట్టకపోతె, బీబమ్మ ఇంకా కొన్నొద్దులు బతుకుతుండెనా?"

నిజం నాకు తెలుసు. అంత పుండు ఆ రెండు గోలీలతో మానేది కాదు. ఆపకపోతే తెల్లకణాలు చచ్చి ఇంకా ముందే పోయేది. అది చెబితే నా మీద మచ్చ ఉండదు. కానీ అది చెప్పడమంటే, నువ్వు నోటి దగ్గర నుంచి తీసిపెట్టినవి ఆమెకూ పనికిరాలేదు, నీకూ కాకుండా పోయాయి అని చెప్పడమే. ఆ మాట విని ఆమె అదే మంచం మీద, అదే నడుముతో ఇంకా ఎన్నాళ్లో పడుకోవాలి. నేను అలిసిపోయి ఉన్నాను. నిజాన్ని అంత దూరం మోసే బలం నాకు లేదు.

"బతుకుతుండె పెద్దమ్మా. మంచిగ పనిచేస్తుండె ఆ గోలీ. నేను ఆపకపోతె ఇంకో ఏడాది బతుకుతుండె" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి, ఏడాది లెక్క వేసుకుందో, ప్రార్థన చేసుకుందో. తర్వాత నా చెయ్యి వదలకుండానే కళ్లు తెరిచింది.

"పరేషాన్ గాకు బిడ్డా. నువ్వు తెల్వక చేసినవ్" అంది. "నేనైతే మాఫ్ చేసిన. ఇగ పోతున్న గద, బీబమ్మను గూడ అడిగి చేపిస్త."

సరేనన్నాను.